ఫ్లాష్ లేబుల్: వెతికిన మాట పక్కనే, కానీ పక్క అక్షరం మీద

కోడ్ రాసుకునే ఎడిటర్ నియోవిమ్‌లో ఫ్లాష్ ప్లగిన్‌ను అది 2023లో వచ్చిన కొత్తల్లోనే పెట్టుకున్నాను, ఇప్పటికీ తీయలేదు. వెతికిన మాట తెరమీద దొరికిన ప్రతిచోటా అది లేబుల్‌గా ఒక అక్షరం చూపిస్తుంది, ఆ అక్షరం నొక్కితే కర్సర్ అక్కడికి దూకుతుంది. ఇన్‌స్టాల్ సంగతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. దాన్ని వదల్లేకపోవడానికి కారణం ఒక్కటే, వెతికేటప్పుడు లేబుల్ పడే చోటు.

అంతకుముందు ఇలాంటి పనే చేసే ఈజీమోషన్ ప్లగిన్ వాడేవాణ్ణి. అందులో లేబుల్ సరిగ్గా మనం దూకాల్సిన అక్షరం మీదే వచ్చి కూర్చునేది. అప్పటిదాకా చూస్తున్న మాట రూపమే మారిపోయేది, కన్ను దాన్ని మళ్ళీ వెతుక్కోవాల్సి వచ్చేది. ఫ్లాష్‌లో నేను టైప్ చేసిన అక్షరాలు చెక్కుచెదరవు, లేబుల్ వాటి తర్వాత వస్తుంది. చదువుతూ చదువుతూ చూపు ఎక్కడ ఆగుతుందో నొక్కాల్సిన కీ అక్కడే ఉంటుంది. పైగా, మాటలో తర్వాత రావడానికి అవకాశమున్న అక్షరాన్ని అది లేబుల్‌గా వాడదు. అందుకే లేబుల్స్ కనిపిస్తున్నా ఆగకుండా టైప్ చేసుకుంటూ పోవచ్చు. ఇంత ఆలోచించి చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది.

చిక్కంతా బిల్లింగ్ కోడ్‌లో వచ్చింది. ఒకే ఫంక్షన్‌లో టోటల్ అని ఒక వేరియబుల్, చివర ఎస్ చేర్చి టోటల్స్ అని ఒక లిస్టు. టోటల్ అని టైప్ చేయగానే రెండింటి పక్కనా లేబుల్స్ వచ్చాయి. మామూలు సెట్టింగ్‌లో లేబుల్ ఖాళీ చోట రాదు, ఆ పక్కనున్న అక్షరాన్ని కప్పేస్తుంది. మొదటిదాని పక్కన బ్రాకెట్ పోయింది, రెండోదాని పక్కన ఎస్ పోయింది. ఇక రెండూ ఒకేలా కనిపిస్తాయి! ఏది ఏదో తేల్చే ఆ ఒక్క అక్షరమే లేబుల్ కింద ఉంది. నొక్కి దూకాక చూస్తే లిస్టు మీద ఉన్నాను. రివ్యూకి టైమ్ అయిపోతున్నప్పుడు ఇలా జరిగితే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడే లేబుల్ స్టైల్‌ను అలా కప్పేసే ఓవర్‌లే నుంచి ఇన్‌లైన్‌కి మార్చాను. ఇప్పుడు లేబుల్ అక్షరాల మధ్యలో చోటు చేసుకుని దూరుతుంది, ఏదీ దాగదు. కానీ లైను కుడివైపు జరుగుతుంది. కోడ్‌లో నేను వ్రాప్ (పొడవైన లైను తెర అంచున కిందికి విరగడం) ఆపేసే ఉంచుతాను కాబట్టి ఆ కదలికకు అలవాటు పడ్డాను. మార్క్‌డౌన్ నోట్స్‌లో మాత్రం వ్రాప్ ఉండాల్సిందే. అంచుదాకా ఉన్న లైనులోకి లేబుల్ దూరితే చివరి మాట కిందికి విరుగుతుంది, దానితోపాటు కిందున్న లైన్లన్నీ ఒక మెట్టు దిగుతాయి. వేలు కీ మీదికి వెళ్ళేలోపు లక్ష్యమే కదిలిపోతుంది. అందుకని నోట్స్‌కి ఓవర్‌లేనే ఉంచాను.

ఆగకుండా టైప్ చేయొచ్చన్నాను గానీ, అది స్పెల్లింగ్ సరిగ్గా పడినంతవరకే. ఒక అక్షరం తప్పితే అదే ఎవరిదో లేబుల్ అయి ఎక్కడికో తీసుకుపోతుంది. స్లాష్ కీ నొక్కి చేసే మామూలు సెర్చ్‌లో ఈ లేబుల్స్‌ను నేను ఆపేసుకున్నది అందుకే.

నాది చిన్న లాప్‌టాప్, ఫాంట్ పెద్దది, తెరమీద పట్టేవి కొద్ది లైన్లే. అందుకే లేబుల్స్ తక్కువ, గందరగోళం తక్కువ. పెద్ద మానిటర్‌లో నాలుగు విండోలు తెరిచి పనిచేసేవాళ్ళకు ఇన్‌లైన్ కదలిక చికాకు పెట్టవచ్చు. పేర్లన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉండే కోడ్ మీద పనిచేసేవాళ్ళు మాత్రం ముందు ఇన్‌లైన్ పెట్టి చూడండి.