జార్జియాలో ముందస్తు ఓటింగ్: నాలుగు స్టార్లు, క్యూఆర్ కోడ్‌కి ఒకటి కోత

అమెరికాలో జార్జియా రాష్ట్రపు ఫోర్సిత్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఇల్లు కొనుక్కుని, ఈ మధ్యే సిటిజన్‌షిప్ కూడా చేతికొచ్చిన మనవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. అధ్యక్ష ఎన్నికలకి నవంబర్ మంగళవారం దాకా ఆగకండి, ముందస్తు ఓటింగ్‌కి వెళ్ళండి. 2024లో మా ఇంట్లో అందరం అలాగే వేశాం. నా రేటింగ్ నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు ఇవ్వలేదో చెప్పడానికే ఇంత పొడుగు రివ్యూ.

ముందు సౌకర్యం సంగతి. ఆ ఏడాది ముందస్తు ఓటింగ్ అక్టోబర్ 15న మొదలైంది. మొదటి రోజే రాష్ట్రం మొత్తం మీద మూడు లక్షలకి పైగా ఓట్లు పడ్డాయి, అది రికార్డు. చివరికి పోలైన 52 లక్షల పైచిలుకు ఓట్లలో, పోస్టులో వచ్చినవి కలుపుకుంటే, దాదాపు 40 లక్షలు ముందే పడ్డవే. జనం ఎందుకు ఎగబడ్డారో వెళ్తే అర్థమవుతుంది. మీ కౌంటీలో ఏ సెంటర్‌కైనా వెళ్ళొచ్చు. పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపి, ఆ దగ్గర్లో ఉన్న లైబ్రరీలోనే ఓటేసి రావచ్చు. అసలు ఎన్నికల రోజైతే మీకు రాసిపెట్టిన బూత్ ఒక్కటే, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 దాకా. 2021లో చేసిన చట్టం ప్రకారం ముందస్తు ఓటింగ్‌కి రెండు శనివారాలు తప్పనిసరి, ఆదివారాలు మాత్రం కౌంటీ ఇష్టం. బయల్దేరే ముందు రాష్ట్రం వాళ్ళ 'మై ఓటర్ పేజీ' తెరిచి నమూనా బ్యాలెట్ చూసుకోండి. ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఇంత తిన్నగా పనిచేసేది నేను ఇంకోటి చూడలేదు.

లోపల నాకు టెన్షన్ పెట్టింది పేరు. మన ఇంటిపేర్లు, పెళ్ళయ్యాక మారినవీ మారనివీ, పాస్‌పోర్టులో ఒకలా లైసెన్సులో ఒకలా. 2018లో ఇదే జార్జియాలో పేరు అక్షరం అక్షరం కలవలేదని వేల ఓటరు నమోదు దరఖాస్తులు పెండింగ్‌లో పడ్డాయి, మరుసటి ఏడాది ఆ నిబంధన సడలించారు. ఆ కథ గుర్తుపెట్టుకుని నేను పాస్‌పోర్టు కూడా బ్యాగులో వేసుకెళ్ళాను. అవసరం పడలేదు. లైసెన్సు స్కాన్ చేశారు, ట్యాబ్లెట్ మీద సంతకం పెట్టించుకున్నారు, మెషీన్‌లో పెట్టడానికి ప్లాస్టిక్ కార్డు చేతికిచ్చారు. నా పేరు పలకడానికి ఆవిడ పడ్డ పాట్లు మాత్రం చూడాలి, పాపం.

మా అత్తయ్యగారికి 76. రాజమండ్రిలో ఒక్క ఎన్నికా వదలని మనిషి. పెద్దవాళ్ళున్న ఇళ్ళకి పనికొచ్చే విషయాలు రెండు. 75 దాటినవాళ్ళు ఎన్నికల రోజు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 4:30 మధ్య అడిగితే లైన్‌లో నిలబడకుండా నేరుగా లోపలికి పంపాలని ఇక్కడ చట్టమే ఉంది. ఇంగ్లీషు చదవలేనివాళ్ళు తమకి నచ్చిన మనిషిని సాయానికి తీసుకెళ్ళొచ్చు. ఆఫీసు యజమానినో యూనియన్ మనిషినో కాకుండా ఉంటే చాలు, సాయం చేసేవాళ్ళ సంతకం ఫారం మీద తీసుకుంటారు. పక్కనే ఉన్న గ్విన్నెట్ కౌంటీలో స్పానిష్ బ్యాలెట్ ఉంది. మన భాషకి ఆ యోగం ఇంకా పట్టలేదు. అత్తయ్యగారికి నేనే చదివి వినిపించాను.

ఓటేశాక ఆవిడ చెయ్యి చాపి నిలబడ్డారు. "ఏమ్మా, వేలికి సిరా పుయ్యరా?"

"పుయ్యరు అత్తయ్యా, స్టిక్కర్ ఇస్తారు."

పీచ్ పండు బొమ్మున్న స్టిక్కర్ అది. ఆవిడ చీర కొంగుకి అంటించుకుని వారం రోజులు తీయలేదు.

ఇక బ్యాలెట్. ట్రంప్, హారిస్ కాకుండా లిబర్టేరియన్ ఆలివర్, గ్రీన్ పార్టీ స్టైన్ ఉన్నారు. కార్నెల్ వెస్ట్, క్లాడియా డి లా క్రూజ్ పేర్లు కూడా ఉన్నాయి కానీ వాళ్ళకి వేసిన ఓట్లు లెక్కించరు, కోర్టు వాళ్ళని అనర్హులన్నది. ఆ నోటీసు అంటిస్తారు, చదివితేనే తెలుస్తుంది. చెల్లని పేరు స్క్రీన్ మీద వదిలేసి గోడకి కాగితం అంటించడం నాకు బొత్తిగా నచ్చలేదు. కింద ఇంటి పన్ను మీద రాజ్యాంగ సవరణ ఒకటి ఉంది. మా వీధిలో మగాళ్ళు అధ్యక్షుడి కంటే దాని గురించే ఎక్కువ చర్చించారు. ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అయితే ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య ఉషా వాన్స్ గారి పూర్వీకుల వడ్లూరు తణుకుకి ఎంత దూరం అన్నదే పెద్ద టాపిక్.

ఇప్పుడు ఆ ఐదో స్టార్ గురించి. నేను కుషాయిగూడలో పెరిగాను, ఈసీఐఎల్ పక్కనే. మన ఈవీఎంలు తయారుచేసే రెండు కంపెనీల్లో అదొకటి కాబట్టి ఓటింగ్ మెషీన్ అంటే నాకు కాస్త చనువు. మన దగ్గర వీవీప్యాట్ చీటీ అద్దం వెనక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. ఇక్కడ స్క్రీన్ మీద నొక్కాక కాగితం ప్రింటై మన చేతికే వస్తుంది. తీరిగ్గా చదువుకుని మనమే స్కానర్‌లో పెట్టాలి. ఈ పద్ధతికి నేను లేచి దండం పెడతాను. కానీ ఆ కాగితం మీద మన ఎంపికలు అక్షరాల్లో ఉంటాయి, పక్కన క్యూఆర్ కోడ్ ఉంటుంది. 2024లో స్కానర్ చదివింది ఆ కోడ్‌ని. నేను చదివింది ఒకటి, లెక్కలోకి వెళ్ళేది ఇంకొకటి! రెండూ ఒకటే అని నమ్మాలి. 2024లో చేసిన చట్టం 2026 జూలై 1 నుంచి లెక్కింపుకి ఈ కోడ్ వాడొద్దని చెప్పింది. అంటే అభ్యంతరం నా ఒక్కదానిదే కాదు.

నమ్మడానికి కారణం లేకపోలేదు. 2020లో దాదాపు 50 లక్షల ఓట్లనీ చేత్తో మళ్ళీ లెక్కపెట్టారు. మెషీన్‌లో ప్రింటైన ఓట్లకి చూసింది కోడ్ కాదు, అక్షరాలే. ఆ లెక్కలోనే ఫ్లాయిడ్ కౌంటీలో అంతకుముందు వదిలేసిన 2,600 ఓట్ల దాకా బయటపడ్డాయి. విజేత మాత్రం మారలేదు. చివరికి బైడెన్ ఆధిక్యం 11,779. 11,780 ఓట్లు వెతికిపెట్టమని అప్పటి అధ్యక్షుడు ట్రంప్ ఫోన్ చేసినా అంకె కదల్లేదు. కాగితం ఉండబట్టే కదా.

ఓటు లోపలికి వెళ్ళాక దానికి పట్టే గతి మీద కూడా నాకో ఫిర్యాదుంది. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా రాష్ట్రంలోని 16 ఎలక్టోరల్ ఓట్లూ (అధ్యక్షుణ్ణి చివరికి తేల్చేవి ఇవే) వాళ్ళవే. 2024లో సుమారు 1.15 లక్షల తేడాతో అవన్నీ ట్రంప్‌కి వెళ్ళాయి. పైగా ఒకే బ్యాలెట్ మీద రెండు రూల్స్. సెనేటర్‌కి సగానికి మించి రాకపోతే రన్ఆఫ్ (మొదటి ఇద్దరికీ మళ్ళీ పోటీ), అధ్యక్షుడికి ఆ షరతు లేదు. 2020లో సుమారు 49.5 శాతంతో బైడెన్ గెలిచేశారు. 49.7 శాతం తెచ్చుకున్న సెనేటర్ పెర్డ్యూ జనవరిలో మళ్ళీ పోటీ చేసి ఓడిపోయారు. మా ఫోర్సిత్ ట్రంప్ పార్టీ అయిన రిపబ్లికన్ల కోటే, కానీ 2012లో ఆ పార్టీ అభ్యర్థి రామ్నీకి 80 శాతం దాకా ఇచ్చిన చోట 2020లో ట్రంప్‌కి వచ్చింది 66 లోపే. "ఇక్కడ మన ఓటుకి విలువేముంది వదినా" అని ఎదురింటావిడ అంటే నేను ఈ అంకెలే చెప్పాను. లెక్క కౌంటీల వారీగా కాదు, రాష్ట్రం మొత్తం మీద.

బిల్డింగ్‌కి 150 అడుగుల లోపు లైన్‌లో ఉన్నవాళ్ళకి బయటివాళ్ళు మంచినీళ్ళు కూడా ఇవ్వకూడదు, సీసా మీరే పట్టుకెళ్ళండి. లోపల ఫొటోలు నిషేధం, సెల్ఫీ సరదా పార్కింగ్‌లో తీర్చుకోండి. జార్జియా లైసెన్సు గడువు తీరిపోయినా ఐడీగా చెల్లుతుంది. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు మాత్రం లైసెన్సు రెన్యూవల్ దగ్గర జాగ్రత్త. అక్కడే ఓటరు నమోదు కూడా జరుగుతుంది, సిటిజన్ కానివాళ్ళు ఓటేస్తే దేశం నుంచి పంపించేయవచ్చు. పేపర్లు ఒకటికి రెండుసార్లు చదివి సంతకం పెట్టండి.