కార్వెట్‌ను గరాజ్‌లో లేపడానికి ఏది మేలు? ర్యాంపులా, జాకా, లిఫ్టా?

నేలకు బాగా దగ్గరగా ఉండే షెవ్రొలే స్పోర్ట్స్ కారు కార్వెట్ సీ5 కొన్నాక మొదటిసారి టైరు విప్పబోతే డిక్కీలో జాక్ కనిపించదు, స్టెప్నీ కూడా ఉండదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు వేసి, ఆ రెండూ కంపెనీయే మానేసింది. 1997 నుంచి 2004 మోడల్ దాకా దాదాపు అన్నిటికీ ఇదే పద్ధతి. నాదీ అలాంటి పాత కారే. డాలస్ దగ్గర మా ఇంటి గరాజ్‌లోనే ఆయిలు, బ్రేకులు నేనే చూసుకుంటాను. అందుకే ఈ లెక్క వేసుకోవాల్సి వచ్చింది.

ఆయిలు మార్చడం ఒక్కటే పనైతే ర్యాంపులు చాలు. జాక్ గొడవే ఉండదు, కారు బరువంతా తన టైర్ల మీదే ఉంటుంది. కాకపోతే వాలు బాగా తక్కువగా ఉండే పొడవాటి ర్యాంపులే కొనాలి. మామూలువైతే టైరు ఎక్కకముందే ముందు బంపర్ కింది రబ్బరు పట్టీ తగులుతుంది. ఇది వెనక చక్రాలతో తోసుకెళ్లే కారు కాబట్టి నున్నటి సిమెంటు మీద ర్యాంపు ముందుకు జారిపోతుంది కూడా. కింద రబ్బరు మ్యాట్ వేస్తే ఆగుతుంది. బ్రేక్ ప్యాడ్లు మార్చాలంటే మాత్రం ర్యాంపుతో పని జరగదు, చక్రం ఊడిరాదు కదా.

క్విక్‌జాక్ లాంటి పోర్టబుల్ లిఫ్ట్ హాయి. మూడు అంగుళాల ఎత్తున్న రెండు ఫ్రేములు కారు కిందికి తోసి, బటన్ నొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, పైన లాక్ పడుతుంది. నెలకోసారి కారు కిందికి దూరేవాళ్లు కొనుక్కోవచ్చు. ఏడాదికి మూడు నాలుగు సార్లు లేపే నాలాంటివాడికి అంత డబ్బు, దాన్ని పెట్టుకునే చోటు దండగ.

నా ఓటు చక్రాల మీద దొర్లే, ఎత్తు తక్కువున్న లో-ప్రొఫైల్ ట్రాలీ జాక్‌కి, లేపాక కారు బరువు మోసే స్టాండ్లకే. దీన్లో ఓపిక కావాలి. ముందుగా కారును అంగుళంన్నర మందం చెక్కల మీదికి ఎక్కిస్తాను. ఆ కాస్త ఎత్తు లేకపోతే జాక్ పిడి పైకీ కిందికీ ఆడదు. ముందు భాగం లేపేటప్పుడు వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెడతాను, లారీ క్లీనర్ రాయి పెట్టినట్టు. వెనక భాగం లేపితే హ్యాండ్‌బ్రేక్‌ను నమ్మకూడదు. అది పట్టేది వెనక చక్రాలనే, అవేమో గాల్లో ఉంటాయి.

జాక్‌ను ముందు క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే లోహపు దూలం) కింద చెక్కముక్క పెట్టి ఆనిస్తాను. అక్కడే అడ్డంగా పట్టీలాంటి ఫైబర్ లీఫ్ స్ప్రింగ్ ఉంటుంది, వెనగ్గా అల్యూమినియం ఆయిల్ పాన్ ఉంటుంది. ఆ రెంటి మీదా జాక్ పడకూడదు. టార్చ్ వేసి చూడందే పంపు కొట్టను. పక్కల ఫ్రేములో ఉన్న రంధ్రాలకు పక్‌లు (గుండ్రటి చిన్న దిమ్మెలు) బిగించి, స్టాండ్లు వాటి కింద పెడతాను. పక్ లేకుండా స్టాండ్ పెడితే పక్కనున్న ప్లాస్టిక్ ప్యానెల్ పగులుతుంది.

కారు లేచేకొద్దీ జాక్ తల ఒక వంపులో కదులుతుంది, అందుకే జాక్ చక్రాలు దొర్లుతూ ఉండాలి. ఒకసారి నేలమీద పడి ఉన్న చిన్న నట్టు జాక్ ముందు చక్రానికి అడ్డుపడింది. జాక్ ఆగిపోయి, పైనున్న చెక్కముక్క అర అంగుళం జరిగింది. చప్పుడు వినగానే దించేశాను. అప్పట్నుంచి నేల ఊడ్చాకే పని మొదలుపెడతాను. బయట తారు డ్రైవ్‌వే మీద అసలు లేపను, మా ఎండకి స్టాండ్ కాళ్లు దిగబడతాయి.

స్టాండ్లు కొనేటప్పుడు పిన్ను గుచ్చే రకం తీసుకోండి. 2020లో అమెరికాలో కొన్ని 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లు బరువు మీద ఉండగానే దిగిపోతున్నాయని వెనక్కి పిలిపించారు. అవి పళ్లమీద ఆగే రకం. 1,450 కిలోల కారు కదా, రెండు టన్నులదైనా సరిపోతుందిలే అనుకోవద్దు. నేను మూడు టన్నులవే వాడతాను.

స్టాండ్ల మీద కూర్చోబెట్టాక కారును చేత్తో గట్టిగా ఊపి చూస్తాను. కదిలితే దించి మళ్లీ పెడతాను. విప్పిన చక్రాన్ని ఫ్రేము కిందికి పడుకోబెట్టి తోస్తాను. జాక్‌ను కూడా తీసేయకుండా, క్రాస్‌మెంబర్‌కి ఆనీ ఆననట్టు వదిలేస్తాను. ఇంట్లో ఎవరూ లేని రోజు మాత్రం కిందికి దూరను.