ఫిలడెల్ఫియా గర్ల్స్ రోయింగ్ క్లబ్: కొన్నేళ్ళ సభ్యత్వం తర్వాత నా మాట

ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకు బోట్‌హౌస్ రో, అంటే స్కూల్‌కిల్ నది ఒడ్డున ఉన్న పడవ క్లబ్బుల ఇళ్ళ వరస, తెలియకుండా ఉండదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని తీసుకెళ్ళి, రాత్రి దీపాల వెలుగులో ఫొటోలు తీయించే చోటు అది. ఆ వరసలో 14వ నంబరు ఇల్లు మా క్లబ్బు.

ఇల్లు 1860 నాటిది, వరసలో అన్నిటికన్నా పాతది. కట్టించింది స్కేటింగ్ క్లబ్బు వాళ్ళు. స్కూల్‌కిల్ నది గడ్డకట్టినప్పుడు దాని మీద స్కేటింగ్ చేసే రోజులవి. వాళ్ళు వేరేచోటికి వెళ్ళిపోయాక, 1938లో పదిహేడు మంది ఆడవాళ్ళు దాన్ని అద్దెకు తీసుకుని ఈ క్లబ్బు పెట్టారు. భర్తలు, అన్నదమ్ములు పక్క క్లబ్బుల్లో పడవలు నడుపుతుంటే అప్పటిదాకా వీళ్ళు ఒడ్డున నిలబడి చూసేవాళ్ళు. ఆ పదిహేడు మందిలో ఎర్నెస్టీన్ బేయర్ ఒకరు. 1967లో ఫ్రాన్స్‌లోని విషీలో యూరోపియన్ పోటీలకు అమెరికా ఆడవాళ్ళు వెళ్ళగలిగారంటే అది ఆమె పట్టుదల. ఆడవాళ్ళ రోయింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1976లో. అంటే క్లబ్బు పుట్టిన 38 ఏళ్ళకు.

నాకు ఇక్కడ అన్నిటికన్నా నచ్చింది ఒకటే: ఏ పనికీ మగవాళ్ళ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎనిమిది మంది నడిపే పడవ దాదాపు 60 అడుగుల పొడవు, 100 కిలోల దాకా బరువు. కాక్స్ (పడవకు దారి చూపిస్తూ ఆదేశాలిచ్చే ఆమె) కేక వేయగానే అందరం కలిసి లేపి భుజాలకెత్తుకుని డాక్ మీదికి నడుస్తాం. మా ఇంట్లో టూల్‌బాక్స్ ముందు నాన్నగారిది, తర్వాత మావారిది. ఇక్కడ మా అమ్మ వయసున్న ఒకావిడ నా చేతికి పది నంబరు స్పానర్ ఇచ్చి రిగ్గర్ (పడవ పక్కన తెడ్డును పట్టి ఉంచే చట్రం) నట్లు బిగించడం నేర్పింది. మొదటి సీజన్‌లో నాకు కలిగిన పెద్ద సంతోషం అదే, గెలిచిన రేసు కాదు. 2021 సెప్టెంబరులో ఐడా తుఫానుకి నది పొంగి రో అంతా మునిగింది. నీళ్ళు తీశాక బురద ఎత్తిపోసి, పడవలు కడిగింది మేమే.

ఇక రోయింగ్ సంగతి. వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చోవాలి. ఎదురుగా ఉన్నామె వీపు తప్ప ఏమీ కనపడదు, దారి చూసేది కాక్స్ ఒక్కతే. బలం చేతుల్లో ఉంటుందనుకుంటారు కానీ అసలు తోపు కాళ్ళది. సీటు చక్రాల మీద వెనక్కీ ముందుకీ జరుగుతుంది. ఒక్కరు తొందరపడినా పడవ ఊగిపోతుంది. ఎనిమిది ఓర్లూ (తెడ్లు) ఒకేసారి నీళ్ళలో దిగిన క్షణం, పడవ కింద నీళ్ళు బుడబుడమంటూ పరుగెత్తే చప్పుడు వినాలి. దానికోసమే తెల్లవారకముందే లేస్తాను.

మనవాళ్ళు నన్ను అడిగేవి కొన్ని ఉన్నాయి. పడవకే బిగించిన షూలలో కాళ్ళు పెడతాం కదా, బోల్తాపడితే ఎలా అని. షూ మడమలను చిన్న తాడుతో పడవకు కట్టి ఉంచుతారు, కాళ్ళు లాగితే షూలోంచి బయటికొస్తాయి. అయినా ఈత రాకుండా నదిలోకి దిగొద్దు, ముందు అది నేర్చుకోండి. బట్టలు బిగుతుగానే ఉండాలి, వదులు చొక్కా ఓర్ పిడిలోనో సీటు చక్రాల్లోనో చిక్కుకుంటుంది. నాకూ మొదట్లో మొహమాటంగానే ఉండేది. అక్కడ అందరూ అలాగే ఉంటారు, మీ వంక ఎవరూ చూడరు. అరచేతులు బొబ్బలెక్కి కాయలు కాస్తాయి. గ్లవ్స్ వేసుకుంటే పట్టు తెలియదు. పెళ్ళిళ్ళకు మెహెందీ పెట్టించుకునేటప్పుడు పెట్టే అమ్మాయి ఈ కాయలేంటని తప్పకుండా అడుగుతుంది.

ఇబ్బందులు లేవనను. పెద్ద వాన పడితే దుంగలు కొట్టుకొస్తాయి, ఆ రోజు పడవ దించలేం. నదిలో పూడిక ఎక్కువ. చలికాలమంతా ఎర్గ్ మెషిన్ (లోపల కూర్చుని రోయింగ్ సాధన చేసే యంత్రం) మీదే, అది నాకు ఇప్పటికీ బోరే. శనివారం ఉదయం పిల్లల టిఫిన్, క్లాసులు ఇంట్లో ఇంకొకరు చూసుకోవాలి. మావారు ఆ బాధ్యత తీసుకోకపోతే నేను మొదటి ఏడే మానేసేదాన్ని. వారానికి ఒకసారి వీలున్నప్పుడు వచ్చిపోదాం అనుకునేవాళ్ళకు ఇది కుదరదు. మీరు రాకపోతే ఏడుగురు ఒడ్డునే ఆగిపోతారు.

మీకు ఆసక్తి ఉంటే ముందు అక్టోబరులో హెడ్ ఆఫ్ ది స్కూల్‌కిల్ రేసులు చూడండి. నది వెంబడి వెళ్ళే కెల్లీ డ్రైవ్ రోడ్డు పక్కన నడకదారి మీద నిలబడితే చాలు. నడివయసు ఆడవాళ్ళు ఓర్ పట్టి ఎలా వెళ్తారో కళ్ళారా చూశాక, చలికాలంలో ఈత నేర్చుకుని, వసంతంలో కొత్తవాళ్ళను ఎప్పుడు చేర్చుకుంటున్నారో కనుక్కోండి.