క్రిప్టో దాచడానికి ఏది మేలు: ఎక్స్ఛేంజీయా, ఫోన్ వాలెట్టా, హార్డ్‌వేర్ వాలెట్టా?

"ఈ వాలెట్ సేఫేనా?" అని అడిగేవాళ్లు మామూలుగా చూపించేది యాప్ రేటింగ్, లేదంటే ఎంతమంది డౌన్‌లోడ్ చేశారన్న అంకె. వాటితో తేలేదేమీ లేదు. హార్డ్‌వేర్ వాలెట్లు చేసే ట్రెజర్ కంపెనీ పేరు పెట్టుకున్న నకిలీ యాప్ ఒకటి 2021లో ఏకంగా యాపిల్ స్టోర్‌లోకే దూరింది. రేటింగ్ కూడా 5 స్టార్లకు దగ్గరగానే ఉంది. నమ్మి తన వాలెట్‌ను తెరిచే రహస్య పదాలు టైప్ చేసిన ఒకాయనకు 17.1 బిట్‌కాయిన్లు పోయాయి.

నేనైతే రెండే చూస్తాను. కాయిన్లను కదిలించే ప్రైవేట్ కీ, అంటే రహస్య తాళంచెవి, ఎవరి చేతిలో ఉంది? లావాదేవీకి ఒప్పుకునేటప్పుడు, దేనికి ఒప్పుకుంటున్నామో మనకు కనబడుతోందా?

ముందు ఎక్స్ఛేంజీలో, అంటే కాయిన్లు కొని అమ్మే కంపెనీలో, ఖాతా సంగతి. ఇక్కడ కీ మన దగ్గర ఉండదు, కంపెనీ దగ్గర ఉంటుంది. సుఖం చాలానే ఉంది. పాస్‌వర్డ్ మర్చిపోతే కేవైసీ చూపించి ఖాతా తిరిగి తెచ్చుకోవచ్చు. రూపాయల్లోనే కొనొచ్చు, అమ్మొచ్చు. అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ వాళ్లే కోసి కట్టేస్తారు. కానీ కంపెనీకి దెబ్బ తగిలితే నొప్పి మనదే. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజీ వాలెట్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు పోయాయి, మన లెక్కలో రెండు వేల కోట్ల రూపాయలకు అటూ ఇటూ. అదేమీ ఒక్కరి సంతకంతో తెరుచుకునే వాలెట్ కాదు, నలుగురు ఒప్పుకుంటేగానీ డబ్బు కదలదు. అయినా పోయింది. విత్‌డ్రాయల్స్ ఆగిపోయి, వ్యవహారం సింగపూర్ కోర్టుకెక్కి, ట్రేడింగ్ మళ్లీ మొదలయ్యేసరికి 2025 అక్టోబరు వచ్చింది. అంతకు మూడు నెలల ముందు కాయిన్‌డీసీఎక్స్ అనే మరో ఎక్స్ఛేంజీలోనూ 4.4 కోట్ల డాలర్లు పోయాయి. అయితే అవి కంపెనీ సొంత ఖాతాలోవి, నష్టం కంపెనీయే భరించింది. హ్యాక్ రెండు చోట్లా జరిగింది. పోయినవి ఎవరి కాయిన్లు, కంపెనీ దగ్గర సొంత డబ్బెంత అన్న చోటే తేడా వచ్చింది. బయట నుంచి చూసే మనకు ఆ రెండూ ముందుగా తెలిసే దారి లేదు.

బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు 5 లక్షల బీమా ఇక్కడ లేదు. ఎక్స్ఛేంజీ ఎఫ్‌ఐయూలో, అంటే కేంద్రం ఆర్థిక నిఘా విభాగంలో, రిజిస్టర్ అయిందంటే మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద లెక్కలు చూపిస్తోందని అర్థం, మన డబ్బుకు పూచీ ఉందని కాదు. ఆ రిజిస్ట్రేషన్ కూడా లేనివాటి జోలికి అసలు పోవద్దు.

ఫోన్ వాలెట్‌లో, అంటే మెటామాస్క్, ట్రస్ట్ వాలెట్ లాంటి వాటిలో, కీ మనదే. ఆ కీని మనం కాగితం మీద రాసుకునేలా యాప్ 2048 పదాల జాబితా నుంచి 12 గానీ 24 గానీ పదాలు ఇస్తుంది. అవే మన ఆస్తి తాళం. ఇబ్బందేమిటంటే ఆ తాళం ఉండేది వాట్సాప్, గేమ్‌లు, పిల్లలు నొక్కిన నానా యాప్‌లూ ఉన్న ఫోన్‌లోనే. 2025లో స్పార్క్‌క్యాట్ అనే మాల్‌వేర్ బయటపడింది. గ్యాలరీలోని ఫొటోల్లో ఉన్న అక్షరాలు చదివి ఈ పదాల కోసం వెతకడమే దాని పని. అంటే స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నవాళ్లు తాళం గుమ్మానికి తగిలించి పోయినట్టే. తప్పు ఎప్పుడూ మనదే కానక్కర్లేదు. 2022 ఆగస్టులో సోలానా అనే క్రిప్టో ఉన్న వేలాది వాలెట్లు ఖాళీ అయిన దాడిలో తేలిందేమిటంటే, స్లోప్ అనే వాలెట్ యాప్ తన వాడకందార్ల రహస్య పదాలను ఉన్నవి ఉన్నట్టుగా తన సర్వర్‌కు పంపుతోంది. అందుకే కోడ్ బహిరంగంగా లేని ఫోన్ వాలెట్‌ను నేను లెక్కలోకే తీసుకోను. ఇక టెలిగ్రామ్ గ్రూపులో ఎవరో పంపిన ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు ఏ పోలికలూ అక్కర్లేదు.

హార్డ్‌వేర్ వాలెట్ అంటే కీ దాచడానికే చేసిన చిన్న పరికరం, కీ దాన్ని దాటి బయటికి రాదు. ప్రధానంగా వినబడే పేర్లు రెండు: చెక్ దేశపు ట్రెజర్, ఫ్రాన్స్ లెడ్జర్. ట్రెజర్ కోడ్ ఎవరైనా చూడొచ్చు. కానీ పాత మోడళ్లు దొంగ చేతికి చిక్కితే 15 నిమిషాల్లో కీ లాగేయొచ్చని 2020లో క్రాకెన్ అనే ఎక్స్ఛేంజీ భద్రతా బృందం చేసి చూపించింది. ఆ తర్వాతి ట్రెజర్ సేఫ్ 3 మోడల్‌కు ప్రత్యేక భద్రతా చిప్ వచ్చింది. లెడ్జర్‌కు ఆ చిప్ ముందు నుంచీ ఉంది, కోడ్ మాత్రం పూర్తిగా బయటపెట్టలేదు. కోరుకున్నవాళ్ల కీని ముక్కలు చేసి మూడు సంస్థల దగ్గర దాచే సేవను 2023లో ప్రకటించినప్పుడు వాడకందార్లు మండిపడ్డారు, కీ పరికరం దాటదనే కదా కొన్నామని. 2020లో లెడ్జర్ కొనుగోలుదార్లలో దాదాపు 2.7 లక్షల మంది అడ్రసులు, ఫోన్ నంబర్లు లీకయ్యాయి. కొందరి ఇళ్లకు నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి. నన్నడిగితే సేఫ్ 3 తరహావే మేలు. ఏది కొన్నా నేరుగా కంపెనీ సైట్‌లోనే కొనాలి, సెకండ్ హ్యాండ్ వద్దు. పదాలు ముందే రాసి ఉన్న కాగితం డబ్బాలో కనబడితే అది మోసమే.

పరికరం ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే ఎక్స్ఛేంజీలో దాదాపు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు సంతకాలు చేసినవాళ్లు హార్డ్‌వేర్ వాలెట్లే వాడారు. కంప్యూటర్ తెరమీద లావాదేవీ మామూలుగానే కనబడింది, లోపల సారం మారిపోయి ఉంది. పరికరం తెరమీద అర్థం కానిదేదో వస్తే రద్దు చేయండి, ఎంత అర్జెంటైనా సరే.

నెలనెలా కొంచెం కొంటూ అమ్ముతూ ఉండేవాళ్లకు, పదాలు జాగ్రత్త చేసే ఓపిక లేనివాళ్లకు ఎఫ్‌ఐయూ రిజిస్ట్రేషన్ ఉన్న ఎక్స్ఛేంజీ చాలు. కాకపోతే పోయినా ఇల్లు గడిచేంతే అందులో ఉంచాలి. ఫోన్ వాలెట్‌లో చేతి ఖర్చు మాత్రమే. ఏళ్ల తరబడి కదిలించననుకునే మొత్తానికి హార్డ్‌వేర్‌దే పైచేయి, దాని ఖరీదు కొన్ని వేలే.

ఏది ఎంచుకున్నా, కీ మన దగ్గరుండే వాలెట్ అయితే మొదటి రోజే ఒక పరీక్ష పెట్టండి. పదాలు కాగితం మీద రాసుకుని, అయిదొందల రూపాయల విలువైన కాయిన్ పంపండి. తర్వాత యాప్ తీసేయండి, లేదా పరికరాన్ని రీసెట్ చేయండి. కాగితం చూసి మళ్లీ తెరవండి. బ్యాలెన్స్ కనబడితేనే మిగతాది పంపాలి. చాలామందికి మూడో పదమో తొమ్మిదో పదమో తప్పు రాశామని తెలిసేది ఇక్కడే. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా తెలియాలి, లేకపోతే మన తర్వాత ఆ కాయిన్లు ఎవరికీ అందవు.

పదాలు ఎక్కడైనా టైప్ చేశామన్న అనుమానం వస్తే పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదు. వెంటనే కొత్త పదాలతో వేరే వాలెట్ తెరిచి అంతా అక్కడికి మార్చేయాలి. అప్పటికే పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రికవరీ చేసిపెడతామంటూ ఆ తర్వాత మెసేజ్ పెట్టేవాళ్లకు మాత్రం జవాబివ్వకండి.