స్కాన్ మళ్లీ తీయాలంటే వెంటనే సంతకం పెట్టకండి: నేను పెట్టి నష్టపోయాను

మూడు రోజుల్లో మా నాన్నగారి పొట్టకి రెండు సీటీ స్కాన్‌లు, ఒక ఎం.ఆర్.ఐ. తీశారు. మధ్యలో తీసిన సీటీ అవసరమే లేదు. ఆ సంగతి డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక ఫైలు సర్దుతుంటే అర్థమైంది. అప్పటికే డబ్బు కట్టేశాం. మీలో ఎవరికైనా రేపు ఇదే పరిస్థితి రావచ్చు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అర్ధరాత్రి నాన్నగారికి పైపొట్టలో నొప్పి, వాంతులు. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాం. రక్త పరీక్షలు చేశారు, బొమ్మ స్పష్టంగా కనబడేందుకు నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ తీశారు. పిత్తనాళం (పిత్తరసం పేగులోకి వెళ్లే గొట్టం) ఉబ్బి ఉంది, రాయి అడ్డుపడి ఉండొచ్చు, ఎండోస్కోపీతో తీసే సౌకర్యం ఉన్నచోటికి తీసుకెళ్లండి అన్నారు. వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. ఫిల్ములు, రిపోర్టు, ఒక సీడీ కవర్లో పెట్టి ఇచ్చారు.

రెండో ఆసుపత్రిలో ఎమర్జెన్సీ డాక్టరుగారు ఫిల్ముని ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టుకుని ఓ క్షణం చూశారు. సీడీని కంప్యూటర్లో పెట్టారు. అది గిర్రున తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు. "ఓపెన్ అవ్వట్లేదండీ. అయినా బయటి స్కాన్‌లు మా సార్ చూడరు, ఇక్కడ తీయించాల్సిందే" అని సీడీని కవర్లో పెట్టి, దాంతోపాటే ఒక కాగితం నా ముందుకి జరిపారు. పెట్టాను సంతకం. పక్కన కన్నతండ్రి స్ట్రెచర్ మీద మూలుగుతుంటే "ఎందుకు సార్?" అని అడిగే ధైర్యం ఎవరికి ఉంటుంది చెప్పండి.

ఇంటికొచ్చాక రెండు రిపోర్టులూ మంచం మీద పక్కపక్కన పెట్టి చదివాను. రెంటికీ మధ్య పద్నాలుగు గంటల తేడా. పిత్తనాళం వెడల్పు రెంట్లోనూ ఇంచుమించు ఒకటే. చివరి వాక్యమైతే అచ్చంగా ఒకటే: ఎం.ఆర్.సి.పి. చేయించాలని సూచన. అంటే పిత్తనాళాలను చూపించే ఎం.ఆర్.ఐ. అన్నమాట. మొదటి రిపోర్టు చదివి నేరుగా ఆ పరీక్షకే పంపి ఉండొచ్చు. మర్నాడు పంపారు కూడా, రాయి అందులోనే స్పష్టంగా కనబడింది. పిత్తాశయంలో, పిత్తనాళంలో ఉండే రాళ్లు కొన్ని సీటీలో అసలు కనబడవట, వాటి సాంద్రత చుట్టూ ఉన్న పిత్తరసంలాగే ఉంటుంది కాబట్టి. ఈ ముక్క నాకు ఎండోస్కోపీ చేసిన డాక్టరుగారే చెప్పారు, నేను రెండో సీటీ గురించి అడగకముందే.

ఇక బిల్లు. మొదటిచోట సీటీ అంతా కలిపి ఒకే లైను. ఇక్కడ ప్లెయిన్ సీటీ, అంటే మందు లేకుండా తీసేది, ఒక లైను, కాంట్రాస్ట్ సీటీ ఇంకో లైను, కాంట్రాస్ట్ మందు వేరు, ఇంజెక్టర్ సిరంజి వేరు, ఎమర్జెన్సీ రిపోర్టింగ్ వేరు, ఫిల్ములు వేరు. నాన్నగారు బల్ల మీద పడుకున్నది ఒక్కసారే! మొత్తం కూడితే మొదటి సీటీకి ఒకటిన్నర రెట్లు తేలింది. "స్కాన్‌కి ఎంతవుతుంది?" అని నేను కౌంటర్లో అడిగినప్పుడు మొదటి లైను ఒక్కటే చెప్పారు. అందుకే "అన్నీ కలిపి ఎంత? మందు, ఫిల్ములు, రిపోర్టు, రాత్రి చార్జీ కలిసే ఉన్నాయా?" అని అడగండి, వీలైతే కాగితం మీద రాయించుకోండి.

ప్లెయిన్, కాంట్రాస్ట్ రెండూ తీయడం బిల్లు వ్యవహారం మాత్రమే కాదు. పొట్ట, పొత్తికడుపు కలిపి ఒకసారి సీటీ తీస్తే ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు 8 మిల్లీసీవర్టులు. మందు లేకుండా ఒకసారి, మందుతో ఒకసారి తీస్తే అది దాదాపు రెట్టింపు, 15 దాకా పోతుంది. ప్రకృతిలోంచి మనిషికి ఏడాదికి సగటున అందేది 2.4. ఛాతీ ఎక్స్‌రే అయితే 0.1 మాత్రమే. ఒక్క సీటీతో కొంపలేమీ మునిగిపోవు, అవసరమైనప్పుడు తీయించుకోవాల్సిందే. కొన్ని జబ్బులకు రెండు రకాలూ కావాలి కూడా. కానీ ఏ ఉపయోగమూ లేకుండా ఇంత ఎందుకు తగిలించుకోవాలి? చిన్నపిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా అడగాలి. అల్ట్రాసౌండ్‌కి, ఎం.ఆర్.ఐ.కి ఈ బాధ లేదు. అవి మళ్లీ తీస్తే పోయేది డబ్బు, సమయం.

కాంట్రాస్ట్ మందు సంగతి కూడా ఉంది. కిడ్నీల పనితీరు బాగా తగ్గినవాళ్లకి ఆ మందు ఇచ్చే ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) చూసుకోవాలి. నాన్నగారికి రోజు తిరక్కుండానే రెండుసార్లు ఎక్కించారు. రెండోసారి ఎక్కించిన సిస్టర్‌కి నిన్న కూడా ఎక్కించారన్న సంగతే తెలీదు, నేను చెబితే ఆవిడ కేస్‌షీట్ తిరగేశారు. మొన్నెక్కడో మందు తీసుకున్నట్టయితే, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్టయితే, ఎవరూ అడక్కపోయినా మీరే నోరు తెరిచి చెప్పండి.

డాక్టర్లందరూ డబ్బు కోసమే మళ్లీ తీయిస్తారని నేననను. పాత స్కాన్‌లో పేషెంటు కదిలిపోయి బొమ్మ చెదిరి ఉండొచ్చు. సీటీ ఒంటిని పొరలు పొరలుగా తీసే బొమ్మల్ని ముక్కలు (స్లైసులు) అంటారు, అవి మరీ మందంగా తీసి ఉండొచ్చు. తలకి దెబ్బ తగిలిన మనిషి స్పృహ తగ్గుతోందంటే గంటల్లోనే మళ్లీ సీటీ కావాలి. పక్షవాతానికి గడ్డ కరిగించే మందు ఇచ్చాక 24 గంటలకి మళ్లీ తీసి చూస్తారు. అలాంటిచోట ఎదురు ప్రశ్నలు వేస్తూ కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది. నేను చెప్పేది "బయటి స్కాన్ చూడం" అన్న ఒక్క మాట గురించే. అది వైద్యపరమైన కారణం కాదు.

ఆ సీడీ ఎందుకు ఓపెన్ కాలేదో తర్వాత మా బావ తేల్చాడు. ఆయన కంప్యూటర్ల పని చేస్తాడు. అందులో ఫొటోల్లాంటి జేపెగ్ ఫైళ్లు ఓ ఇరవై, ఒక పాత వ్యూయర్ ప్రోగ్రాం ఉన్నాయి, అంతే. వైరస్ భయంతో ఆసుపత్రి కంప్యూటర్లు ఇలాంటి ప్రోగ్రాములను నడవనివ్వవట. అసలు ఉండాల్సింది డైకామ్ ఫైళ్లు. ఈ డైకామ్ 1993 నుంచీ వాడుకలో ఉన్న ప్రమాణం, ఒక కంపెనీ మెషిన్ తీసిన బొమ్మలు ఇంకో కంపెనీ సిస్టంలో తెరుచుకోవాలనే పెట్టారు. ఒక సీటీలో వందల ముక్కలుంటాయి, ఫిల్ము మీద వేసేది ఏరిన కొన్నే. అందుకే ఫిల్ము చూసి పెద్ద డాక్టర్లు పెదవి విరిస్తే వాళ్ల తప్పు కొంతే. వాట్సాప్‌లో పంపిన ఫిల్ము ఫొటో అయితే మరీ దండగ.

కాబట్టి స్కాన్ ఎక్కడ తీయించినా, బయటికి అడుగు పెట్టకముందే "మొత్తం స్టడీ డైకామ్‌లో కావాలి" అనండి. సీడీ ఇస్తే అక్కడే ఎవరి కంప్యూటర్లోనైనా తెరిపించి చూడండి. లింకు ఇస్తే కొన్నాళ్లకి చచ్చిపోతుంది, ఆ రోజే దింపుకోండి. ఇవన్నీ నాకు ఆ రాత్రి తెలిసి ఉంటే ఎంత బాగుండేది.

రెండోచోట మళ్లీ తీయాలంటే కోపంగా కాకుండా మామూలుగానే అడగండి: "నిన్నటి దాంట్లో ఏం కనబడలేదు సార్? ఇప్పుడు తీస్తే వైద్యం ఏం మారుతుంది? మీ రేడియాలజిస్టుగారితో పాత బొమ్మలే మళ్లీ చదివించొచ్చా?" ఈ మూడోది బాగా పనిచేస్తుంది. పాత స్కాన్‌ని మళ్లీ చదివి రిపోర్టు ఇచ్చే పద్ధతి చాలా ఆసుపత్రుల్లో ఉంది, ఖర్చు కొత్త స్కాన్‌లో చిన్న వంతే. మనం అడిగితే తప్ప ఆ మాట వాళ్ల నోట రాదు. అయినా తీయాల్సిందే అంటే, కారణం కేస్‌షీట్‌లో రాయమనండి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకి ఆ ఒక్క లైను రేపు పనికొస్తుంది, ఒకే స్కాన్ వెంటవెంటనే రెండుసార్లు ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు మొదట అడిగేది అదే.

నేను బిల్లింగ్ విభాగానికి రెండు రిపోర్టుల నకళ్లు జతచేసి ఉత్తరం రాశాను. పదిరోజులకి ఫోన్ చేశారు. ప్లెయిన్ సీటీ లైను "పొరపాటున పడింది" అట, అది వెనక్కిచ్చారు. మరి మిగతా స్కాన్ ఎందుకు తీశారని అడిగితే "మా ప్రోటోకాల్ అండీ" అన్నారు. ఆ ప్రోటోకాల్ కాగితం ఒకసారి చూపించమని అడిగాను. ఇంకా చూపించలేదు.