క్యూఆర్ కోడా, వీఆర్ కళ్లద్దాలా, వాట్సాప్ నంబరా: వైజాగ్ మ్యూజియాలకు ఏది మేలు?

వైజాగ్‌వాళ్లు బీచ్ రోడ్డు మ్యూజియాలకు ఎప్పుడు వెళ్తారు? ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు. కురుసుర సబ్‌మెరైన్, ఎదురుగా టీయూ-142 విమానం చూపించి, మొక్కజొన్న పొత్తులు కొనిపెట్టి తీసుకొచ్చేస్తాం. మనంతట మనం వెళ్లేది తక్కువ. అందుకే మ్యూజియంలో డిజిటల్ హంగు ఏది పెడతామన్నా నేను అడిగేది ఒకటే: దీని కోసం ఊళ్లోవాళ్లు రెండోసారి వస్తారా?

పెట్టుకుంటే ఆ చోట్లోనే ఉన్నట్టు చుట్టూ దృశ్యం కనిపించే వీఆర్ కళ్లద్దాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఖరీదెక్కువ, ఒకసారి ఒక్కరే పెట్టుకోవాలి, మన ఉక్కపోతలో ప్రతి ఒక్కరి తర్వాత చెమట తుడవాలి, పక్కన ఒక మనిషి నిలబడాలి. మొదటి నెల క్యూ, ఆ తర్వాత బీరువా. అయితే కురుసుర సంగతి వేరు. 91 మీటర్ల ఆ జలాంతర్గామిలోకి వెళ్లాలంటే మెట్లెక్కాలి, గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయి, ‘మీరెళ్లి రండి’ అంది. పిల్లలు బయటికొచ్చాక ‘లోపల ఏటుందిరా?’ అని ఇల్లు చేరేదాకా అడుగుతూనే ఉంది. ఆవిడకి కళ్లద్దాలక్కర్లేదు. లోపలంతా 360 డిగ్రీల ఫొటోలు తీసి, వేలితో తిప్పి చూసుకునేలా ఒక ట్యాబ్‌లో పెడితే చాలు.

క్యూఆర్ కోడ్ చవక. ఆ చవకతోనే చిక్కు. వేరే ఊళ్లో ఒక మ్యూజియంలో నాలుగు స్కాన్ చేస్తే రెండింటికి గడువు ముగిసిందని వచ్చింది. ఉచిత సైట్లలో చేయించుకుంటే ఇంతే. మ్యూజియం సొంత వెబ్ అడ్రస్‌నే నేరుగా కోడ్‌గా మార్చుకుంటే గడువు గొడవ ఉండదు. మూడోది తెరిస్తే బోర్డు మీదున్న ఇంగ్లిషే ఫోన్‌లో కనబడింది. దానికి స్కాన్ ఎందుకు? మన ఊరి తెలుగులో ఒక్క నిమిషం ఆడియో పెడితే నిలబడి వింటారు. సబ్‌మెరైన్‌కైతే కోడ్ టికెట్ కౌంటర్ దగ్గరే ఉండాలి, ఉక్కు గోడల మధ్య సిగ్నల్‌ని నమ్ముకోలేం. ఎంత బాగా చేసినా ఇందులో మ్యూజియం చెబుతుంది, మనం వింటాం, అంతే.

వాట్సాప్ నంబర్ పెడితే మనం చెబుతాం, మ్యూజియం వింటుంది. పాత డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు వేస్తే పేలకుండా మిగిలిన బాంబు ఉంది. వైజాగ్ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఆ రోజు గుర్తున్నవాళ్లకి ఇప్పుడు తొంభై దాటి ఉంటుంది. ‘మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెప్పేవారో వాయిస్ మెసేజ్ పంపండి’ అని ఆ బాంబు పక్కనే ఒక నంబర్ రాసిపెడితే? 2014 అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్ తుపాను సంగతైతే అడగనే అక్కర్లేదు, ప్రతి ఇంట్లోనూ ఫొటోలున్నాయి.

కాకపోతే వాట్సాప్ ఫొటోని కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాలి. ఆల్బమ్‌లో ఫొటోలైతే ఆదివారాలు మ్యూజియానికే తెప్పించి 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో, స్కాన్ చేసి, అక్కడే ఇవ్వాలి. ఎవరు, ఏ వీధి, ఏ ఏడు అన్నది అప్పుడే రాసుకోవాలి. బయట పెట్టొచ్చో లేదో సంతకం తీసుకోవాలి. గ్రూప్ మాత్రం వద్దు, వారం తిరక్కుండా గుడ్ మార్నింగ్ గులాబీలతో నిండిపోతుంది.

ఒక్కదానికే డబ్బుందంటే నా ఓటు స్కానర్‌కి, ఆ నంబర్‌కి రోజూ జవాబిచ్చే ఒక ఉద్యోగికి. తాతగారి ఫొటో మ్యూజియం తెర మీద పడుతుందంటే ఇంటిల్లిపాదీ ఆటో కట్టించుకుని వస్తారు. మిగిలితే క్యూఆర్. ట్యాబ్ కురుసురకి చాలు.

మా ఇంటి హుద్‌హుద్ ఫొటోలు మాత్రం ఇంకా పాత ఫోన్‌లోనే ఉన్నాయి. దాని ఛార్జరే దొరకడం లేదు.