స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకోడానికి పేపర్ స్టెన్సిలా, ఎమల్షనా, బజారులో చేయించిన స్క్రీనా? ఏది మేలు?

స్క్రీన్ ప్రింటింగ్ అంటే ఫ్రేమ్‌కి బిగించిన సన్నటి జాలిగుడ్డ (మెష్) మీద ఇంకు పోసి, స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో లాగి కింద కాగితం మీదకి దించడం. బొమ్మ కానిచోట మెష్‌ని కోసిన కాగితంతోనో (పేపర్ స్టెన్సిల్), ఎమల్షన్ పూతతోనో మూసేస్తాం, ఆ పూత వెలుతురు తగిలినచోట గట్టిపడుతుంది, తగలనిచోట కడిగితే పోయి బొమ్మ తెరుచుకుంటుంది.

ఒడిశాలో బరంపురం చుట్టుపక్కల మన తెలుగిళ్ల పిల్లలు ఆర్ట్ చదవడానికి ఖల్లికోట వెళ్లినా, ఇటు వైజాగ్ వచ్చినా, స్క్రీన్ ప్రింటింగ్ దగ్గరకొచ్చేసరికి అందరిదీ ఒకటే గోల. అక్కా ఎమల్షన్ కడిగితే మొత్తం ఊడిపోయింది, అక్కా ఎంత కడిగినా బొమ్మ తెరుచుకోవట్లేదు, అక్కా ఇంకు మెష్‌లోనే ఎండిపోయింది, ఇంక నా వల్ల కాదు లితోగ్రఫీకి మారిపోతాను అని. మారిపోకండి. ముందు పేపర్ స్టెన్సిల్, ఆ తర్వాత బజారులో చేయించుకున్న స్క్రీన్, ఇంట్లో ఎమల్షన్ పూయడం అన్నిటికన్నా ఆఖర్న, ఇదీ నా లెక్క. చాలామంది సీదా ఆఖరిదాంతోనే మొదలెడతారు, వీడియోల్లో అదే బాగుంటుంది కదా.

ఎమల్షన్ చెడ్డదని కాదు, దాంతో ప్రింటు పాడైతే తప్పు ఎక్కడ జరిగిందో కొత్తవాళ్లకి తెలీదు, అదీ గొడవ. మెష్‌కి జిడ్డు పోలేదా, పూత మందమైందా, లోపల తడి ఉండిపోయిందా, పాజిటివ్‌లో (ఎండకి పెట్టేటప్పుడు స్క్రీన్ మీద ఉంచే నల్లబొమ్మ షీటు) నలుపు చాల్లేదా, ఎండ తక్కువైందా ఎక్కువైందా, స్క్వీజీ వంచడం కుదరలేదా, ఇంకు పల్చనైందా... ఇన్నిట్లో ఏదో ఒకటి, లేకపోతే రెండు మూడు కలిసి. ఏది సరిచెయ్యాలో తెలీక అన్నీ ఒకేసారి మార్చేస్తారు, ఈసారి బాగా వచ్చినా ఎందుకు వచ్చిందో తెలీదు.

దానికి తోడు మన ఊరి గాలి. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే, జూన్ నుంచి అక్టోబరు దాకా బట్టలే ఆరవు, ఎమల్షన్ ఏం ఆరుతుంది. వేలితో ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ మెష్ దారాల మధ్య తడి ఉంటుంది, ఆ తడితో ఎక్స్‌పోజ్ చేస్తే, అంటే ఎండ చూపిస్తే, లోపల గట్టిపడదు, కడగ్గానే తోలులా జారి వచ్చేస్తుంది. అది చూసి టైం తక్కువైందని ఇంకాసేపు ఎండలో పెడతారు, అప్పుడు సన్నగీతలు మూసుకుపోతాయి. చీకటి గదిలో ఫ్యాన్ పెట్టి, ఫ్రేమ్‌ని మెష్ బయటవైపు కిందకి ఉండేలా పడుకోబెట్టి ఆరనివ్వాలి, వానాకాలం అయితే మీరనుకున్నదానికి రెట్టింపు టైం ఇవ్వాలి.

ఇంకోటి, మన దగ్గర చాలాచోట్ల ఇప్పటికీ వాడేది బైక్రోమేట్ అనే క్రోమియం ఉప్పు కలిపే ఎమల్షనే, చవక కాబట్టి. దీనికో గుణం ఉంది, పూసిన స్క్రీన్ చీకట్లో ఉంచినా దానంతటదే మెల్లిగా గట్టిపడిపోతుంది, వేడికీ చెమ్మకీ ఇంకా తొందరగా. మే నెల్లో రాత్రి పూసి రేపు సాయంత్రం చూద్దాంలే అనుకుంటే బొమ్మ తెరుచుకోదు, మీరు ఎండని తిట్టుకుంటారు, ఎండ తప్పు కాదు. పూసి, ఆరగానే అదేరోజు ఎక్స్‌పోజ్ చేసెయ్యాలి. పైగా అందులో ఉండేది ఆరో వాలెన్సీ క్రోమియం, కేన్సర్ కారకం, చర్మానికి పడకపోతే దద్దుర్లు జీవితాంతం వెంటపడతాయి, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, కడిగిన నీళ్లు పెరటి బావి పక్కన పారబోయకండి. డయజో రకం దొరికితే కొంచెం ఎక్కువైనా అదే కొనండి, కలిపాక ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాలు ఆగుతుంది, పూసిన స్క్రీన్ కూడా అంత తొందరగా పాడవదు. సెకన్లలో ఎక్స్‌పోజ్ అయ్యే ఫోటోపాలిమర్ రకం కూడా ఉంది గానీ ఎండలో చేసేవాళ్లకి అది వద్దు, అంత తక్కువ టైం ఎండతో కొలవలేం.

ఇప్పుడు పేపర్ స్టెన్సిల్. దీన్ని చిన్నపిల్లల పనిలా చూస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. న్యూస్‌ప్రింట్ లాంటి పల్చటి కాగితం కట్టర్‌తో కోసి, ప్రింటు చేసే కాగితం మీద పరిచి, పైన ఖాళీ స్క్రీన్ దించి ఒక్కసారి లాగితే ఇంకు జిగురుకే స్టెన్సిల్ మెష్‌కి అతుక్కుపోతుంది. కెమికల్ లేదు, చీకటి గది లేదు. పాతకాలం స్టెన్సిల్‌లో అక్షరం మధ్య ముక్క ఊడిపోకుండా వంతెనలు వదలాలి, ఇక్కడ అక్కర్లేదు, ఠ లోపలి చుక్క, సున్నా లోపలి గుండ్రం ఆ చోట ఊరికే పెట్టి లాగితే చాలు, మెష్ పట్టుకుంటుంది. మన తెలుగూ ఒడియా రెండూ గుండ్రటి లిపులే కాబట్టి ఈ లాభం మనకే ఎక్కువ. నిజం చెప్పాలంటే గుండ్రాలు కోయడం మాత్రం చెయ్యి నొప్పి, మొదట గీతల డిజైన్లు కొయ్యండి, బరంపురం పట్టుచీర అంచు మీద కుంభం పళ్లుంటాయి కదా, ఆ త్రికోణాల వరస దీనికోసమే పుట్టినట్టుంటుంది.

దీంతో చేస్తే ప్రింటు పాడవడానికి కారణాలు మూడో నాలుగో మిగులుతాయి, అన్నీ మీ చేతిలోవే. స్క్రీన్‌కీ కాగితానికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, మూలల కింద అట్టముక్కలు అతికిస్తే సరి, ఆ ఖాళీ లేకపోతే ప్రింటు కాగితం మెష్‌కి అంటుకుని అంచులు అలికినట్టవుతాయి. స్క్వీజీ మరీ పడుకోబెడితే ఇంకు ఎక్కువ దిగి కింద పాకుతుంది. నీళ్ల ఇంకు అయితే ప్రింటుకీ ప్రింటుకీ మధ్య స్క్రీన్ ఎత్తి పట్టుకుని ఒత్తకుండా ఇంకుని వెనక్కి పరిచి వదలాలి, లేకపోతే మన ఎండల్లో మీరు ఫోన్ ఎత్తి మాట్లాడేలోపు మెష్ మూసుకుపోతుంది. ఆ టైంలో ఇంకు తొందరగా ఆరకుండా ఆపే రిటార్డర్ కలపండి, ఫ్యాన్ ఆపండి. చెమట పట్టినా ఆపాల్సిందే.

లోపం కూడా చెప్పాలి, పేపర్ స్టెన్సిల్ కొన్ని ప్రింట్లకే నానిపోతుంది, స్క్రీన్ కడిగితే పోయినట్టే. ఎడిషన్, అంటే ఒకే బొమ్మ ప్రతులు, ఇరవై ముప్ఫై కావాలంటే కాగితం బదులు స్టిక్కర్ కటింగ్ షాపులో దొరికే వినైల్ మెష్‌కి అతికించండి, ఆ పని దాంతో అయిపోతుంది.

బజారు స్క్రీన్ సంగతి తొందరగా చెప్పేస్తా. పెళ్లికార్డులూ కేరీబ్యాగులూ వేసే ప్రెస్సులు బరంపురంలోనూ ఉన్నాయి, పర్లాకిమిడిలోనూ దొరుకుతాయి, వాళ్లు రోజూ చేసే పని కాబట్టి స్క్రీన్ శుభ్రంగా వస్తుంది. పాజిటివ్ మీరే ఇవ్వండి, ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీస్తే దీపానికి పట్టి చూడండి, నలుపులో వెలుతురు కనబడితే రెండు ప్రింట్లు ఒకదాని మీద ఒకటి అతికించి ఇవ్వండి. మెష్ నంబరు కూడా మీరే చెప్పండి, చెప్పకపోతే కార్డులకి వాడే సన్నమెష్ వేసిచ్చేస్తారు, దాంతో గుడ్డ మీద రంగు నిండదు. గుడ్డకి అంగుళానికి 110 దారాల మెష్, సెంటీమీటరు లెక్కలో 43. కాగితం మీద సన్నపనికి 200 దాటినది. అక్కడే నిలబడి వాళ్లు పూయడం చూడనిస్తారేమో అడగండి, మాస్టారూ నేర్చుకుంటున్నానండీ అంటే చాలామంది కాదనరు, సగం విద్య అక్కడే వస్తుంది.

ఎవరికైనా ఫోటోలే వెయ్యాలని ఉంటే, చుక్కల హాఫ్‌టోన్లే వాళ్ల పని అయితే, పేపర్ స్టెన్సిల్ వాళ్లని ఎక్కువ దూరం తీసుకెళ్లదు, ఒప్పుకుంటా. వాళ్లు బజారు స్క్రీన్‌తోనే మొదలెట్టొచ్చు. మెష్ నంబర్ని నాలుగుతోనో ఐదుతోనో భాగిస్తే వచ్చేదే మీరు పెట్టుకోగలిగిన హాఫ్‌టోన్ లైన్ల లెక్క (అంగుళానికి ఎన్ని చుక్కల వరసలో), 110 మెష్ మీద 25 దాటితే చుక్కలు మాయమవుతాయి. ఫోన్‌లో బాగుంది కదా అని 60 పెట్టి తెచ్చేవాళ్లని ఏం చెయ్యాలో నాకు తెలీదు.

ఇక లాగడం చేతికొచ్చి, ఒకే స్క్రీన్‌తో పది ప్రింట్లు ఒకేలా తియ్యగలిగాక ఎమల్షన్ మీరే పూసుకోండి. అప్పుడు ప్రింటు పాడైతే తప్పు పూతలోనో ఎండలోనో ఉందని తెలిసిపోతుంది. మొదటి స్క్రీన్ బొమ్మకి వాడకండి, గీతల పాజిటివ్ పెట్టి, పైన అట్ట నిమిషానికింత జరుపుతూ మెట్లుమెట్లుగా ఎక్స్‌పోజ్ చేసి కడగండి, ఏ మెట్టు దగ్గర గీతలు తెరుచుకుని పూత నిలబడిందో అదే ఆ రోజు మీ టైం. మే ఎండ టైం డిసెంబరుకి పనికిరాదు, మళ్లీ తియ్యాలి. ఎమల్షన్ డబ్బా మాత్రం వానలు తగ్గాకే కొనండి, దాంట్లో కలిపే సెన్సిటైజర్ (వెలుతురుకి గట్టిపడేలా చేసే మందు) మీద తేదీ చూసుకుని.